గట్టు మీద పందికొక్కు, ఒడ్డు మీద పీత

ఇంగ్లీషు నిఘంటువులో "బాండికూట్" అనే మాట ఉన్నది. అది ఇంగ్లీషువారి సొంత మాట కాదు, మన తెలుగు మాటే! మనవాళ్లు "పందికొక్కు" అనటం తెల్లవాళ్లు విన్నారు. తమకు నోరు తిరిగినట్లు పలికి, అట్లాగే తమ పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ తరవాత ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లకు అక్కడ పొడుగు మూతితో నేల తవ్వే ఒక చిన్న జంతువు కనిపించింది. దానికీ ఈ పేరే పెట్టారు. నిజానికి అది ఎలుక జాతి కానేకాదు. కంగారూలాగా పిల్లలను సంచీలో పెట్టుకుని పెంచే జంతువు. దాని సంచీ మూతి వెనకవైపుకు ఉంటుంది. ముందువైపుకు ఉంటే, నేల తవ్వేటప్పుడు మన్నంతా పిల్లల మీదనే పడుతుంది గదా!

పేరు ఇంత దూరం ప్రయాణం చేసినా అసలు పందికొక్కు మాత్రం మన పొలం గట్టు విడిచిపెట్టలేదు. దాన్ని చూడదలచినవారు పొన్నూరు వెళ్లవచ్చు. మేమూ అక్కడికే వెళ్లాము.

గుంటూరు జిల్లా అనగానే అందరికీ మిరపకాయలూ, పత్తీ జ్ఞాపకం వస్తాయి. ఆ పంటలు ఎక్కువగా పడమటి మెట్ట పొలాల్లో పండుతాయి. పొన్నూరు చుట్టూ ఉన్నది కృష్ణ కాలవల కింది మాగాణి. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా మొదటి ఆనకట్ట 1855లో పూర్తి అయింది. దానికి బదులు కట్టిన ప్రకాశం బారేజి 1957లో వచ్చింది. ఈ కాలవలు పారినంత మేరా వరి పండుతుంది. ఊళ్లో సాక్షి భావనారాయణస్వామి గుడి ఉన్నది. తలెత్తి చూడవలసినంత పెద్ద ఆంజనేయ విగ్రహమూ, గరుత్మంతుడి విగ్రహమూ ఉన్నాయి. రైలు దిగేది మాత్రం నిడుబ్రోలు స్టేషనులో. రైతు నాయకుడు ఆచార్య ఎన్. జి. రంగాగారు 1900లో పుట్టిన ఊరు ఈ నిడుబ్రోలే.

నేనూ, అయిదో తరగతి చదివే మా మేనల్లుడూ పుష్యమాసంలో వెళ్లాము. కోతలు అయిపోయినాయి. కొన్ని పొలాల్లో వరి కుప్పలు ఇంకా ఉన్నాయి. వరి కోయకముందే చల్లిన మినుము మోళ్ల మధ్య పచ్చగా లేచి ఉన్నది. నల్లరేగడి అక్కడక్కడ నెర్రెలు విచ్చటం మొదలుపెట్టింది. పంట బోదె పక్కన గట్టు మీద నడుస్తూ మావాడు, "మామయ్యా, ఇదుగో కన్నం! ఇదుగో ఇంకోటి!" అని అరిచాడు.

ఆ పొలం రైతు డెబ్బయి ఏళ్ల పెద్దాయన. ఆయన నవ్వి, "అవి రెండూ ఒకరి ఇళ్లు కావు, మనవడా. సరిగా చూసి చెప్పు, ఏది ఎవరిదో" అన్నాడు.

మావాడు గట్టు మీద చతికిలబడి చూశాడు. ఒక కన్నం గట్టు పైభాగాన ఉన్నది. దాని ముందు పొడి మట్టి బుట్టెడు కుప్ప పడి ఉన్నది. కన్నం మూతి మట్టితో మూసి ఉన్నది. రెండో కన్నం బోదెలో నీటి అంచుకు దగ్గరగా ఉన్నది. గోడలు నున్నగా, తడిగా ఉన్నాయి. ముందు పొడి మన్ను లేదు, గోళీలంత బురద ఉండలు మాత్రం ఉన్నాయి.

"పైది ఎలుకదా, తాతా?" అన్నాడు మావాడు.

"పందికొక్కుది. కిందిది ఎండ్రకాయది. రెండూ కలిసి నా గట్టును జల్లెడ చేస్తున్నాయి" అన్నాడు పెద్దాయన.

పందికొక్కుల్లో రెండు రకాలు మనకు ముఖ్యమైనవి. ఇళ్ల వెనక, మురుగు కాలవల పక్కన, గడ్డివాముల కింద ఉండేది పెద్దది. తోక కాక ఒళ్లే జానెడు పైన ఉంటుంది. బాగా బలిసినది కిలో దాకా తూగుతుంది. పొలం గట్లలో ఉండేది చిన్న రకం. దాన్ని చాలామంది ఉత్త ఎలుక అనే అంటారు. దేనికైనా కోపం వస్తే వీపు మీది బిరుసు వెంట్రుకలు నిక్కబొడుచుకుని గురగురలాడుతుంది. పందిని పోలిన ఎలుక కనక పందికొక్కు అయింది. ఇంతకన్నా సరిపోయే పేరు నాకు తోచదు.

అది తవ్వే పద్ధతి చూడదగ్గది. ముందు కాళ్లతో గీరుతుంది, వెనక కాళ్లతో మన్ను వెనక్కి తన్నుతుంది. నేల గట్టిగా ఉంటే పళ్లతో కొరుకుతుంది. దాని ముందరి పళ్లు, పైన రెండూ కింద రెండూ, జీవితమంతా పెరుగుతూనే ఉంటాయి. కొరికి కొరికి అరగదీసుకోకపోతే నోరు మూయటం కూడా కష్టమవుతుంది. మరి మట్టి కొరికితే నోట్లోకి పోదా? పోదు. ముందరి పళ్లకూ నమిలే పళ్లకూ మధ్య ఖాళీ ఉన్నది. పెదవుల వెంబడి చర్మాన్ని అది ఆ ఖాళీలోకి లాక్కుని, పళ్ల వెనక తలుపు వేసినట్లు నోరు మూసుకుంటుంది. పళ్లు బయట పనిచేస్తూ ఉంటాయి, నోరు మూసే ఉంటుంది!

ఆ మధ్యాహ్నమే పక్క పొలంలో యానాది దంపతులు గునపంతో ఒక బొరియ తవ్వుతూ ఉంటే మేము పోయి నిలబడ్డాము. ఎలుకలు పట్టటంలో వీరిని మించినవారు ఈ ప్రాంతంలో లేరు. కొందరు తాటాకు బుట్టలు పెడతారు. కొందరు అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కూరి, నిప్పు పెట్టి, ఆ పొగ బొరియలోకి ఊదుతారు. కుండ దగ్గర నోరు పెట్టి ఊదటంలో పెదవులు కాలుతాయి, పొగ గుండెల్లోకి పోతుంది. తమిళదేశంలో ఎలుకలు పట్టే ఇరుళవారికి ఈ బాధ తప్పించటానికి, చేత్తో తిప్పితే గాలి కొట్టే ఉక్కు డబ్బా చేసి ఇచ్చారు. మేము చూసిన ఈ దంపతులు పొగ పెట్టలేదు, తవ్వుతున్నారు. ఎందుకంటే వారికి ఎలుక ఒక్కటే కాదు, ధాన్యం కూడా కావాలి.

సొరంగం గట్టులోపల వంకరలు తిరిగి, రెండు మూడు కొమ్మలు వేసింది. ఒక కొమ్మ నేల మట్టం దాకా వచ్చి ఆగిపోయింది. తరుముకు వచ్చినప్పుడు పైన మిగిలిన పలచని మట్టిని తలతో పొడుచుకుని బయటపడటానికి అది దొంగదారి. ఒకచోట గడ్డి పీచుతో మెత్తని పక్క ఉన్నది. దాని పక్కనే కొట్టుగది. అందులో వరి వెన్నులు కొనలన్నీ ఒక పక్కకు వచ్చేటట్లు కూరి ఉన్నాయి! ఆమె వాటిని చేటలో వేసి నలిపితే కిలోకు తక్కువ కాకుండా ధాన్యం వచ్చింది.

"మా చిన్నప్పుడు కోతలైనాక ఈ ధాన్యంతోనే కొన్ని రోజులు గడిచేవి" అన్నది ఆమె, చేట చెరుగుతూనే.

పెద్దాయన గట్టు మీద నుంచి అదంతా చూస్తూ, "తీసుకో తల్లీ, ఎలుక పాలు కాకుండా నీ పాలయితే నాకదే చాలు" అన్నాడు.

ఒక బొరియకు కిలో అంటే తక్కువగానే కనిపిస్తుంది. కాని పందికొక్కు తిన్నదానికన్నా, దాచినదానికన్నా పాడుచేసేది ఎక్కువ. పొట్ట మీద ఉన్న వరి దుబ్బును మొదట్లో కొరికి పడేస్తుంది. ఆ దుబ్బు ఇక గింజ ఇవ్వదు. గట్టు బోలు చేస్తే ఒక రైతు పెట్టుకున్న నీరు రాత్రికి రాత్రే ఇంకో రైతు పొలంలోకి పోతుంది. అక్కడి నుంచి తగాదాలు పుడతాయి. పైగా ఇవి తొందరగా పెరుగుతాయి. తల్లి మూడు వారాలు పైచిలుకు మోసి, ఈతకు ఆరో, ఎనిమిదో, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువో పిల్లలను పెడుతుంది. పిల్లలు పుట్టినప్పుడు కళ్లు తెరవవు, ఒంటి మీద వెంట్రుక ఉండదు. చీకటి బొరియలో తల్లి పాలు తాగి పెరుగుతాయి. అవి ఉన్నన్నాళ్లే ఆ ఇంట్లో కుటుంబం. పెరిగినాక దేని బొరియ దానిదే, ఇంకొకటి వస్తే పోట్లాటే.

విషం పెట్టి చంపితే తీరిపోదా అని మావాడు అడిగాడు. పెడుతూనే ఉన్నారు. అయితే విషం తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ చచ్చిపోవచ్చు. మనుషులు కూలి ఇవ్వకుండా రాత్రంతా ఎలుకలు పట్టించుకునేది గుడ్లగూబ చేతనే. అందుకని తెలివిగల రైతులు పొలంలో అక్కడక్కడ పొడుగు కర్రలు పాతి, పైన అడ్డకర్ర కడతారు. గుడ్లగూబ దాని మీద కూచుని పొలమంతా చూస్తుంది. పొన్నూరు పెద్దాయన కూడా నాలుగు పాతించాడు.

పిల్లలూ, ఒక్క మాట. బొరియ కనిపిస్తే ఎవరూ అందులో చెయ్యి పెట్టకూడదు. పాము బొరియ తవ్వుకోలేదు, ఎలుకను మింగి దాని ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంకో సంగతి. ఎలుక మూత్రం కలిసిన నీటిలో ఒక సూక్ష్మజీవి ఉండవచ్చు. కాలి మీద గాయం ఉన్నవాళ్లు ఆ నీటిలో దిగితే అది లోపలికి పోయి, పెద్ద జ్వరమూ కామెర్లూ రావచ్చు. పుండు ఉంటే కట్టు కట్టుకుని దిగాలి. జ్వరం వస్తే పొలంలో దిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇక కింది కన్నం సంగతి. "మామయ్యా, ఎండ్రకాయ కూడా గట్టు తవ్వుతుంది గదా. అది ఎలుకకు చుట్టమా?" అన్నాడు మావాడు.

చుట్టం కాదు. ఎలుకకు మనలాగా ఒంటి లోపల ఎముకలూ వెన్నుపూసా ఉన్నాయి. ఎండ్రకాయకు లోపల ఎముక ఒక్కటీ లేదు. దాని గట్టిదనమంతా పైన డిప్పలో ఉన్నది. ఎలుక రక్తంలో ఇనుము ఉన్నది కనక అది ఎర్రన. ఎండ్రకాయ రక్తంలో రాగి ఉన్నది కనక దానికి గాలి తగిలితే లేత నీలం వస్తుంది. ఎండ్రకాయకు చుట్టం రొయ్య. దాని వంశం వాళ్లు ఎక్కువమంది సముద్రంలోనే ఉన్నారు.

"ఐతే సముద్రం దగ్గర కూడా కన్నాలుంటాయా?"

ఉంటాయి. సూర్యలంకలో పుట్టలు పుట్టలుగా ఉంటాయి. అది చూపించటానికి వాణ్ణి మధ్యాహ్నం రైలెక్కించాను. నిడుబ్రోలు నుంచి బాపట్ల సుమారు 20 కిలోమీటర్లు. మధ్యలో మాచవరం, అప్పికట్ల వస్తాయి. బాపట్లలోనూ భావనారాయణస్వామి గుడి ఉన్నది. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల కూడా ఉన్నది. మేము ఎక్కడా ఆగకుండా ఆటో ఎక్కి, 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రానికి పోయాము. దారిలో నేల రంగు మారిపోయింది. నల్లరేగడి పోయి ఇసుక వచ్చింది, వరి మోళ్లు పోయి సరుగుడు చెట్లు వచ్చాయి.

తవ్వేవాడికి ఈ మార్పు చిన్నది కాదు. రేగడిలో తవ్వటం కష్టం గాని, తవ్వింది నిలుస్తుంది. ఇసుకలో తవ్వటం సులువు గాని, పొడి ఇసుక వెంటనే జారి పూడిపోతుంది. సముద్రపు పోటు తడిపిన ఇసుక మాత్రం రేణువుకు రేణువు అంటుకుని నిలబడుతుంది. అందుచేత పీతల కన్నాలు ఎక్కువగా ఆ తడి ఇసుకకు అందేటట్లే ఉంటాయి.

మేము వెళ్లేసరికి ఆటు సమయం. జనం ఉన్నచోటు వదిలి కొంత దూరం నడిచిన తరవాత ఒడ్డంతా ఎర్రని పూలు చల్లినట్లు కనిపించింది. ఇంకో పది అడుగులు వేసేసరికి పూలన్నీ మాయం! అవన్నీ ఎర్ర ఇసుక పీతలు. ఒక్కొక్కటి తన కన్నంలోకి దూరింది. ఇంగ్లీషులో వీటి జాతిని దయ్యం పీతలంటారు. ఇప్పుడున్నట్లు కనిపించి ఇప్పుడే మాయమవుతాయి కనక ఆ పేరు తగినదే.

కదలకుండా కూచుంటే మళ్లీ వస్తాయి. ముందు రెండు కళ్లు వస్తాయి. అవి పొడుగు కాడల మీద ఉంటాయి కనక పీత గుమ్మంలో ఉండే నలుదిక్కులా చూడగలదు. తరవాత ఒళ్లు పక్కగా జరుగుతూ బయటికి వస్తుంది. దానికి ఎనిమిది నడిచే కాళ్లు, పట్టుకారుల్లాంటి రెండు చేతులు. ఆ చేతుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న చేత్తో ఇసుక తీసి నోటికి అందిస్తుంది. నోరు అందులోని పాచినీ, కుళ్లునూ మాత్రం ఏరుకుని మిగిలిన ఇసుకను ఉండలుగా వదిలేస్తుంది. ఒక గంటసేపటికి కన్నం చుట్టూ ముగ్గు వేసినట్లవుతుంది.

మావాడు ఒక కన్నం ముందు కూచుని తవ్వకం చూశాడు. పీత ఒక పక్క కాళ్ల మధ్య తడి ఇసుకను ముద్దగా పొదువుకుని పైకి వచ్చింది. గుమ్మం దాటి రెండడుగులు పోయి విసిరేసింది. మళ్లీ లోపలికి పోయింది. పందికొక్కు మన్నును వెనక్కి తన్నుతుంది, పీత ముద్ద ముద్దగా మోసుకుపోతుంది. పందికొక్కుకు పళ్లు గునపం. పీతకు కాళ్లే తట్టలు.

"అయితే ఇదీ లోపల గింజలు దాచుకుంటుందా?" అన్నాడు మావాడు.

పీత కన్నంలో కొట్టుగది ఉండదు. దానికి కావలసిన తిండి ప్రతి పోటూ ఒడ్డుకు తెచ్చి పోస్తుంది. పీత కన్నం తవ్వేది తిండి కోసం కాదు, నీటి కోసం. అది గాలిలో తిరుగుతుందే గాని ఊపిరి తీసేది చేపలాగా మొప్పలతోనే. మొప్పలు ఎండిపోతే ఊపిరి ఆడదు. అందుచేత కిందికి, తడి తగిలేదాకా తవ్వుతుంది. కొన్ని కన్నాలు మీటరు లోతు దాటి పోతాయి. ఇంకో చిత్రం కూడా ఉన్నది. దాని కాళ్ల మొదళ్ల దగ్గర సన్నని నూగు ఉంటుంది. తడి ఇసుక మీద కూచుంటే, వత్తి నూనెను పీల్చినట్లు ఆ నూగు నీటిని పీల్చి మొప్పలకు అందిస్తుంది.

పందికొక్కు సంగతి దీనికి సరిగా ఎదురు. నీరు దాని ఇంటికి శత్రువు. నీరు నిలిచిన మడిలో అది బొరియ వేయలేదు. అందుకే గట్టెక్కుతుంది, గట్టులో కూడా పైభాగమే చూసుకుంటుంది. పెద్దాయన గట్టు మీద పైకన్నం, కిందికన్నం అట్లా ఎందుకు ఉన్నాయో మావాడికి ఇక్కడ తెలిసింది. "పైది నీళ్లు రాకుండా తవ్వింది, కిందిది నీళ్లు రావాలని తవ్వింది!" అన్నాడు.

ఇద్దరూ తలుపులు వేసుకునేవారే. పందికొక్కు పాములు రాకుండా మూతికి మట్టి కూరుతుంది. ఇసుక పీత ఎండ పెరిగినప్పుడు లోపల తేమ పోకుండా ఇసుక బిరడా పెడుతుంది. డిప్ప విడిచి కొత్త డిప్ప వేసుకునే రోజుల్లో కూడా లోపలే దాక్కుంటుంది. అప్పుడు దాని ఒళ్లు మెత్తగా ఉంటుంది, ఎవరైనా తినివేయగలరు. పందికొక్కుకు ఇట్లాంటి చిక్కు లేదు. ఎముకలు లోపల పెరుగుతాయి, చర్మం దానంతట అది సాగుతుంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను ఈ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకు వచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. పొలాలు అట్లా మునిగినప్పుడు పందికొక్కు ఈదుకుంటూ మిట్టకు, రోడ్డు గట్టుకు, గడ్డివాముకు చేరుకుంటుంది. అది మంచి ఈతగత్తె. కాని కొట్టుగది, పక్క, పిల్లలు లోపలే ఉండిపోతాయి. పీత ఇంటిని మాత్రం ప్రతి పెద్ద పోటూ చెరిపేస్తూనే ఉంటుంది. నీరు తీసిన తరవాత అది ఇంకో కన్నం తవ్వుకుంటుంది. అంత తుపాను పందికొక్కుకు ఎన్నో ఏళ్లకు ఒకసారి, పీతకు చిన్నపాటి తుపాను ఒక్కొక్కరోజు రెండుసార్లు!

పీత తట్టుకోలేనిది అలను కాదు, చక్రాన్ని. ఇసుక మీద బండ్లు నడిపేచోట వాటి కన్నాలు కూలిపోతాయి, పైకి వచ్చినవి నలిగిపోతాయి. చాలా దేశాల్లో శాస్త్రజ్ఞులు ఒడ్డు ఆరోగ్యం తెలుసుకోవటానికి ఒక సులువైన పద్ధతి పెట్టుకున్నారు. ఇంత మేరకు ఎన్ని పీత కన్నాలున్నాయో లెక్కపెట్టటమే ఆ పద్ధతి. మావాడు కూడా లెక్కపెట్టాడు. జనం తిరిగేచోట పది అడుగులు పొడుగు, పది అడుగులు వెడల్పు గీత గీస్తే రెండు కన్నాలున్నాయి. ఎవరూ లేనిచోట అంతే గీత గీస్తే పదిహేడు ఉన్నాయి.

పొద్దు కుంకుతూ ఉండగా వాడికి ఇంకో సందేహం వచ్చింది. పందికొక్కు బొరియలో పక్క ఉన్నది, ఈ కన్నంలో పిల్లల గది ఏది అని. లేదు. పొలంలోని ఎండ్రకాయ తల్లి గుడ్లను పొట్ట కింద మడతలో పెట్టుకుంటుంది. అవి చిన్న చిన్న ఎండ్రకాయలై బయటికి వస్తాయి. కొన్నాళ్లు తల్లినే అంటిపెట్టుకుని ఉంటాయి. ఇసుక పీత తల్లి కూడా వేల గుడ్లను అట్లాగే మోస్తుంది. కాని అవి పొదిగే వేళకు అలల దాకా నడిచిపోయి సముద్రంలో వదిలేస్తుంది. అందులోనుంచి వచ్చేవి పీతలా ఉండవు. ముల్లు తలా, సన్నని తోకా ఉన్న, కంటికి సరిగా ఆనని పిల్లలు. అవి నీటిలో కొట్టుకుపోతూ, డిప్ప మీద డిప్ప విడుస్తూ, రూపం మార్చుకుంటాయి. చాలా మటుకు చేపల పొట్టలోకే పోతాయి. మిగిలిన ఏ కొద్దో పీత రూపం వచ్చిన తరవాత ఒడ్డెక్కి, వేలి గోరంత కన్నం తవ్వుకుంటాయి. సూర్యలంక దగ్గర వదిలినవి ఓడరేవు దగ్గర ఒడ్డెక్కవచ్చు, నిజాంపట్నం దగ్గరా ఎక్కవచ్చు. ఆ సంగతి తల్లికి తెలియదు. అది గుడ్లు వదిలిన వెంటనే వెనక్కి తిరిగి, చీకట్లో తన కన్నం వెతుక్కుంటూ పోతుంది.